పెరటి పూదోటలో పన్నెండు నెలల రంగులు

సంక్రాంతికి ముందు నర్సరీల ముంగిట పిటూనియా, డయాంథస్, సాల్వియా, బంతి కుండీలు నిండుగా పూసి కనిపిస్తాయి. ఆ రంగులకు ముచ్చటపడి పది, పదిహేను కుండీలు ఇంటికి తెచ్చుకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఫిబ్రవరి చివరికి పూలు తగ్గిపోతాయి. మార్చి ఎండలకు ఆకులు మాడతాయి. ఉగాది నాటికి కుండీలలో ఎండుపుల్లలు మిగులుతాయి. తమ చేతికి మొక్క రాదని ఇంటివారు నిరాశపడతారు. మరుసటి ఏడాది ఆ మడి మీద సిమెంటు పరచిన సందర్భాలూ లేకపోలేదు. నిజానికి అక్కడ లోపం పెంపకంలో లేదు. ఆ మొక్కలు శీతాకాలపు ఏకవార్షికాలు. పూత ముగియడంతోనే వాటి జీవితమూ ముగుస్తుంది.

పెరటిలో ఏడాది పొడవునా రంగు నిలవాలంటే, పూసి ఉన్న మొక్కను చూసి కొనే అలవాటుకు బదులు పూలు కావలసిన నెలను ముందుగా నిర్ణయించుకుని, దానికి తగిన మొక్కను ఎంచుకోవాలి. ఈ రోజు విరిసిన పువ్వు రెండు, మూడు నెలల కిందట వేసిన విత్తనానికో, చేసిన కత్తిరింపుకో ఫలితం.

మొక్కకు కాలం ఎలా తెలుస్తుంది?

పగటి నిడివిని బట్టి కొన్ని మొక్కలు పూతకు వస్తాయని 1920లో అమెరికా శాస్త్రవేత్తలు గార్నర్, అలార్డ్ పొగాకు, సోయాచిక్కుడు మొక్కలపై చేసిన పరిశోధనల ద్వారా వెల్లడించారు. హైదరాబాదు ప్రాంతంలో జూన్‌లో పగలు సుమారు 13 గంటలు, డిసెంబరులో సుమారు 11 గంటలు ఉంటుంది. ఈ రెండు గంటల తేడాయే చామంతికి చాలు. రాత్రులు దీర్ఘమవుతున్న కొద్దీ అది మొగ్గ తొడుగుతుంది. వీధి దీపం వెలుగు రాత్రంతా పడే చోట చామంతి ఏపుగా పెరిగినా పూత ఆలస్యమవుతుంది, ఒక్కొక్కసారి రానే రాదు. అటువంటి మొక్కకు ఎరువు పెంచడం వల్ల ప్రయోజనం ఉండదు, చోటు మార్చాలి.

కొన్ని మొక్కలు పగటి నిడివి కంటే ఉష్ణోగ్రతకు, నేలలోని తేమకు ఎక్కువగా స్పందిస్తాయి. ఈ సంగతి తెలుగువారి వాడుకలో చిరకాలంగా ఉంది. చలి నెలల్లో పూసే మొక్కకు డిసెంబరం అనే పేరు స్థిరపడింది. వానల చివర బీళ్ళలో విరిసే తంగేడు, గునుగు పూలతో బతుకమ్మను పేర్చుతారు. ధనుర్మాసపు గొబ్బెమ్మలకు బంతి, గుమ్మడి పూలు అమరుతాయి. పండుగల పూలన్నీ ఆయా కాలాలలో సహజంగా దొరికేవే. మొక్కల ఎంపికకు ఇంతకంటే మంచి ఆధారం లేదు.

వానాకాలపు పూలు

జూన్‌లో తొలకరి పడగానే జీనియా, కాస్మోస్, బాల్సం, సీతమ్మజడ విత్తనాలను నేరుగా మడిలో చల్లుకోవచ్చు. జీనియా, కాస్మోస్ విత్తిన 50 నుండి 60 రోజులకు పూతకు వస్తాయి. దసరాకు బంతిపూలు కావాలనుకుంటే జూలై మొదటి వారాలలోనే నారు పోయాలి. ఈ కాలంలో పెద్ద ముప్పు నీరు నిలవడం. మడిని నేలకంటే 15 సెం.మీ. ఎత్తుగా చేసుకుంటే వేరుకుళ్ళు చాలావరకు తగ్గుతుంది. తీగలలో జాజి, రాధామనోహరం ఈ కాలంలో విరివిగా పూస్తాయి. వానల చివర పారిజాతం తెల్లవారేసరికి నేలమీద పూలు పరుస్తుంది.

శీతాకాలపు పూలు

రంగుల వైవిధ్యం అత్యధికంగా ఉండే కాలమిది. పిటూనియా, డయాంథస్, ఫ్లాక్స్, సాల్వియా, యాంటిరైనమ్ విత్తనాలను సెప్టెంబరు చివర నుండి అక్టోబరు వరకు నారుమడిలో గాని, ట్రేలలో గాని వేసి, నాలుగైదు ఆకులు వచ్చాక నాటుకోవాలి. పిటూనియా విత్తనం మిక్కిలి సన్నగా ఉంటుంది కనుక ఇసుకతో కలిపి పైపైన చల్లి, మట్టి కప్పకుండా తేలికగా తడపాలి. చామంతి పిలకలను జూన్, జూలై నెలల్లో నాటి, నాలుగు వారాల తర్వాత తలలు తుంచితే పక్క కొమ్మలు వచ్చి నవంబరు నుండి జనవరి వరకు గుబురుగా పూస్తుంది. గులాబీని వానలు తగ్గిన తర్వాత అక్టోబరులో కత్తిరిస్తే డిసెంబరు నాటికి మంచి పూత అందుతుంది.

వేసవి పూలు

ఎక్కువ పెరళ్ళు బోసిపోయేది ఏప్రిల్, మే నెలల్లోనే. కాని ఎండను ఇష్టపడే మొక్కలకు కొరత లేదు. బొగడబంతి, గడ్డి గులాబీ, బిళ్ళగన్నేరు మండుటెండలో కూడా రంగు తగ్గవు. జనవరి చివర నుండి ఫిబ్రవరిలోగా వీటిని వేసుకుంటే ఎండలు ముదిరే లోపు వేళ్ళు నిలదొక్కుకుంటాయి. గడ్డి గులాబీని చిన్న కొమ్మ తుంచి గుచ్చినా బతుకుతుంది, అయితే దాని పూలు ఎండ లేని చోట విప్పుకోవు.

వేసవి తోటకు సువాసననిచ్చేది మల్లె. 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పుష్పంగా ప్రకటించిన ఈ మొక్క పూత, చలికాలంలో చేసే పని మీద ఆధారపడి ఉంటుంది. నవంబరు చివరి వారం నుండి నీరు ఆపి, పొదను నేల నుండి సుమారు 45 సెం.మీ. ఎత్తున కత్తిరించి, ఆకు దూసి, తర్వాత ఎరువు వేసి నీరివ్వాలి. కొత్త చిగుళ్ళ చివరనే మొగ్గలు వస్తాయి కనుక కత్తిరింపు లేని పొదలో పూలు తక్కువ. కాగితంపూల తీగ విషయంలో నీటి పొదుపే మేలు చేస్తుంది. తడి ఎక్కువైతే ఆకు పెరుగుతుంది, కొద్దిగా బెట్టకు గురైతే నిండుగా పూస్తుంది. దానిలో రంగుగా కనిపించేవి పూరేకులు కావు, రంగు మారిన ఆకులు. వాటి నడుమనున్న సన్నని గొట్టమే అసలు పువ్వు. ఆకు వంటి ఆ పొరలు త్వరగా వాడవు కనుకనే రంగు అన్ని రోజులు నిలుస్తుంది.

మడిని పంచుకునే విధానం

స్థలం చిన్నదైనప్పుడు మడిని రెండు భాగాలుగా చూడాలి. వెనుక సగంలో మందారం, నందివర్ధనం, నూరువరహాలు, కనకాంబరం వంటి బహువార్షికాలు ఉండాలి. ఏ కాలంలోనైనా కొంత పూత, ఏడాదంతా పచ్చదనం వీటినుండి లభిస్తాయి. ముందు సగాన్ని ఏకవార్షికాలకు కేటాయించి, జూన్, అక్టోబరు, ఫిబ్రవరి నెలల్లో మార్చుకోవాలి. పాత మొక్కలు పూర్తిగా ఎండేవరకు ఆగకుండా, అవి పూతలో ఉండగానే తరువాతి కాలపు నారు పక్కన సిద్ధంగా ఉండాలి. మడి బోసిపోకుండా కాపాడేది ఈ జాగ్రత్తే. పిల్లలు, పశువులు తిరిగే ఇళ్ళలో గన్నేరును నాటకపోవడం మంచిది. దానిలో ప్రతి భాగమూ విషపూరితమే.

మొక్క కొనేముందు ఆ స్థలంలో ఎండ ఎన్ని గంటలు పడుతుందో గమనించాలి. జీనియా, బంతి, గులాబీలకు రోజుకు కనీసం ఆరు గంటల ఎండ అవసరం. పాక్షిక నీడలో బాల్సం, కనకాంబరం నయం.

తేదీని వెనక్కి లెక్కించడం

పెద్ద పూల బంతి విత్తనం నుండి పూతకు రావడానికి సుమారు 80 నుండి 90 రోజులు పడుతుంది. జనవరి 14 నాటికి పూలు కావాలంటే అక్టోబరు మొదటి పక్షంలో నారు పోసి, నాలుగు వారాల నారును నాటాలి. నవంబరు చివర మేల్కొని విత్తితే పూలు పండుగకు అందవు. గోడ క్యాలెండరులో పండుగ తేదీతో పాటు విత్తే తేదీని కూడా గుర్తు పెట్టుకోవడం పెరటి తోటకు మంచి అలవాటు.

యాజమాన్యం

కుండీలలో రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కలిపిన మిశ్రమం సరిపోతుంది. నత్రజని ఎక్కువైతే ఆకులు పెరిగి పూలు తగ్గుతాయి. వాడిన పూలను ఎప్పటికప్పుడు తుంచాలి. గింజ కట్టనిస్తే మొక్క బలమంతా దానికే వెళ్ళి కొత్త మొగ్గలు ఆగిపోతాయి. పేనుబంక, పిండినల్లి కనిపించిన తొలిదశలో లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బుద్రావణం కలిపి సాయంవేళ పిచికారీ చేయాలి. సంకర రకాల బంతి నుండి తీసిన విత్తనం తల్లి మొక్కను పోలి రాదు. నాటు రకాల విత్తనాన్ని మాత్రం ఆరబెట్టి దాచుకోవచ్చు.

తేనెటీగలకు ఏడాదంతా మేత

రుతువులను బట్టి మొక్కలను ఎంచుకోవడం వల్ల కలిగే ప్రయోజనం అందానికే పరిమితం కాదు. బీర, సొర, కాకర, గుమ్మడి కాయలు కట్టాలంటే మగపువ్వు పుప్పొడి ఆడపువ్వును చేరాలి. పెరటిలో ఆ పని ఎక్కువగా కీటకాల ద్వారానే జరుగుతుంది. ఒక నెల పూలుండి, మూడు నెలలు లేని పెరడును తేనెటీగలు నమ్ముకోవు. రేకులు కిక్కిరిసిన ముద్దపూలలో వాటికి దొరికే పుప్పొడి, మకరందం తక్కువ. కనుక ఒంటిరేకు జీనియా, కాస్మోస్ వంటివి కొన్నైనా ప్రతి కాలంలోనూ ఉండేలా చూసుకోవాలి.

నర్సరీలో నిండుగా పూసిన కుండీని కొనడం తప్పేమీ కాదు. అది ఆ పండుగకు చాలు. అయితే ఉగాదికీ, మండు వేసవికీ, శ్రావణానికీ పెరడు రంగులతో ఉండాలంటే విత్తన పొట్లం ఒక రుతువు ముందే ఇంటికి చేరాలి. జనవరిలో వీధిలోని వారంతా బంతిపూలను చూస్తున్నప్పుడు, వేసవి బొగడబంతికి ఒక మూల నారుమడి సిద్ధమవుతూ ఉండాలి.