గడ్డి మంటే కదా అనుకోవద్దు

కార్చిచ్చు అంటే దట్టమైన అడవుల్లో పుట్టేదనీ, గడ్డి అంటుకుంటే పచ్చికొమ్మలతో బాది ఆర్పేయొచ్చనీ చాలామంది నమ్ముతారు. గడ్డి ఇట్టే కాలి బూడిదవుతుందన్న మాట నిజమే. అసలు ప్రమాదం ఆ ‘ఇట్టే’లోనే ఉంది. మందపాటి దుంగ ఎండాలంటే వారాలు పడుతుంది. ఎండిన గడ్డిపోచకు గంట చాలు, చుట్టూ గాలి ఎంత పొడిగా ఉంటే అదీ అంత పొడిబారుతుంది. తెల్లవారి మంచుకు తడిసి ముద్దయిన బీడు మధ్యాహ్నానికి రవ్వ పడితే భగ్గుమనేలా తయారవుతుంది. ‘నిన్ననే వాన పడిందిగా’ అన్న భరోసా అందుకే చెల్లదు. దానికి ఈదురుగాలి తోడైతే ఏమవుతుందో 2024 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సస్ ఉత్తర కొసన చూశాం. ఓ కరెంటు స్తంభం విరిగిపడి గడ్డిమైదానంలో అంటుకున్న నిప్పు పది లక్షల ఎకరాలకు పైగా కాల్చేసింది. ఇద్దరు మనుషులు ప్రాణాలు కోల్పోయారు, వేలాది పశువులు చనిపోయాయి.

అది ఫిబ్రవరి అన్న సంగతి గమనించాలి. ఎండాకాలం కాకపోతే భయం లేదన్నది ఇంకో అపోహ. కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్ కౌంటీలో 2021 డిసెంబరు 30న, నడి చలికాలంలో పుట్టిన మార్షల్ మంట వెయ్యికి పైగా ఇళ్లను నేలమట్టం చేసింది. ఆ ఏడాది వసంతంలో వానలు బాగా పడ్డాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. పడ్డాయి, గడ్డి ఏపుగా పెరిగిందీ అందుకే. తర్వాత నెలల తరబడి సరైన చినుకు లేక అదంతా నిలువునా ఎండింది. గడ్డినేలల్లో మంచి వానల తర్వాత వచ్చే పొడికాలమే ఎక్కువ భయపెట్టాలి.

ఆ రోజు గాలి గంటకు 160 కిలోమీటర్లు దాటి వీచింది. ‘మధ్యలో పెద్ద రోడ్డుంది, మంట ఆగిపోతుంది’ అనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి: గాలికి ఎగిరిన నిప్పురవ్వలు అనేక వరుసల హైవేను దాటి అవతల పడ్డాయి. విమానాలతో నీళ్లు చల్లుదామంటే ఆ గాలికి అవి ఎగరలేకపోయాయి. గడ్డి మంట క్షణాల్లో ఆరిపోతుంది కాబట్టి ఇంటిని అంటుకోదన్న వాదన కూడా అక్కడ నిలవలేదు. గడ్డి అంచున ఉన్న చెక్క కంచెలు అంటుకుని, వత్తిలా నిప్పును గోడల దాకా తీసుకెళ్లాయి. ఆపైన కాలుతున్న ఒక్కో ఇల్లూ పక్కింటికి నిప్పు అందించింది.

కాన్సస్‌లోని ఫ్లింట్ హిల్స్ రైతులు ఏటా వసంతంలో పచ్చిక కోసం తామే గడ్డి తగలబెడతారు, మరి అది తప్పా? కాదు. కానీ వాళ్లు గాలి వేగం, తేమ చూసుకుని, మంట ఆగాల్సిన గీత ముందే సిద్ధం చేసుకుని నిప్పు పెడతారు. ‘పైన మట్టి కప్పేశాం, ఆరిపోయింది’ అన్న నమ్మకం అలాంటిది కాదు. బౌల్డర్‌లో అధికారుల దర్యాప్తు తేల్చిన రెండు కారణాల్లో ఒకటి పట్టు ఊడిన కరెంటు తీగ అయితే, రెండోది ఆరు రోజుల ముందు కాల్చి మట్టి కప్పిన కొమ్మలు, చెక్కముక్కలు. లోపల నివురుగప్పిన నిప్పును ఈదురుగాలి బయటికి లాగింది. మట్టి గాలిని కొంత అడ్డుకుంటుందే తప్ప వేడిని చంపదు. కాల్చిన చోట నీళ్లు పోసి, పారతో అడుగు దాకా కలియదిప్పి, మళ్లీ పోయాలి. అరచేతి వెనకవైపు దగ్గర పెట్టి చూస్తే వెచ్చదనం ఏమాత్రం తగలకూడదు. గడ్డికోత యంత్రం బ్లేడు రాయికి తగిలినా రవ్వ లేస్తుంది గనుక ఆ పని మంచు ఆరకముందే ముగించాలి. ఎండుగడ్డి మీద వేడెక్కిన బండిని ఆపకూడదు. పొడిగాలి హెచ్చరిక ఉన్న రోజున ఈ పనులేవీ పెట్టుకోకుండా మర్నాటికి వాయిదా వేయాలి.