అద్దె ఆశ.. లెక్క తప్పితే అప్పు
ఇల్లు కట్టే ముందే కిరాయిదారు ఎవరో తేల్చుకోవాలి

నిజాంసాగర్: ఉద్యోగ విరమణ సొమ్ము చేతికందినా, పొలం అమ్మగా కొంత మిగిలినా చాలామందికి మొదట తట్టే ఆలోచన ఒక్కటే. జాగా కొని రెండు పోర్షన్లు వేస్తే నెలనెలా కిరాయి వస్తుందని, ముసలితనంలో ఆసరాగా ఉంటుందని భావిస్తారు. ఆశ సహజమే అయినా మండల కేంద్రాల్లో ఈ లెక్క నగరాల్లో మాదిరిగా తేలదు.

అద్దెకు దిగేదెవరు?
1923లో పనులు మొదలై 1931లో పూర్తయిన ప్రాజెక్టుతోనే నిజాంసాగర్‌కు పేరొచ్చింది. ఇక్కడ ప్రధాన ఆధారం వ్యవసాయం. రైతు కుటుంబాలు సొంత ఇళ్లలోనే ఉంటాయి కనుక అద్దెకు దిగేది ఎక్కువగా బదిలీపై వచ్చే ఉద్యోగులే. పిల్లల చదువుల కోసం వారు బాన్సువాడలోనో, కామారెడ్డిలోనో ఉండి రాకపోకలు సాగిస్తే ఇల్లు ఖాళీగా మిగులుతుంది. జవహర్ నవోదయ విద్యాలయం ఉన్నా అది ఆవాస పాఠశాల కావడంతో ఉపాధ్యాయులకు ప్రాంగణంలోనే వసతి ఉంటుంది.

చేతికి మిగిలేదెంత?
ఉదాహరణకు రూ.25 లక్షలతో రెండు పోర్షన్లు కట్టి, ఒక్కోటి నెలకు రూ.4 వేలకు ఇచ్చారనుకుందాం. ఏడాదికి వచ్చేది రూ.96 వేలు. రెండు నెలలు ఖాళీగా ఉంటే అది రూ.80 వేలకు తగ్గుతుంది. ఇంటి పన్ను, సున్నాలు, మోటారు మరమ్మతులకు రూ.15 వేలు పోగా మిగిలేది రూ.65 వేలు. అంటే పెట్టుబడిపై 2.6 శాతమే. ఇందులో రూ.15 లక్షలు 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల అప్పుగా తెచ్చి ఉంటే నెల వాయిదా సుమారు రూ.13,500. మిగిలే కిరాయి నెలకు రూ.5,400 మాత్రమే కాబట్టి మరో రూ.8 వేలు ఏటా పన్నెండు నెలలూ జేబు నుంచే కట్టాలి. స్థలం ధర పెరగవచ్చు. కానీ అవసరానికి అమ్మాలంటే కొనేవారు వెంటనే దొరకరు.

కాగితాలే కీలకం
గ్రామకంఠం, సాదాబైనామా స్థలాలకు సరైన పత్రాలు లేకుంటే బ్యాంకు రుణం దొరకడం కష్టం. చెరువు శిఖం భూముల్లో కడితే కూల్చివేత ముప్పు తప్పదు. అనుమతి లేని లేఅవుట్లలో కొంటే క్రమబద్ధీకరణ రుసుము అదనపు భారమవుతుంది. రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఖర్చులు 2021 జులై 22 నుంచి 6 శాతం నుంచి 7.5 శాతానికి పెరిగాయన్నదీ గుర్తుంచుకోవాలి. నీటి దారినీ గమనించాలి. 2025 ఆగస్టు చివర్లో కురిసిన కుండపోతకు కామారెడ్డి పట్టణంలోని లోతట్టు కాలనీలు మునిగాయి. అలాంటి చోట ఒకసారి నీళ్లొస్తే కిరాయిదారు మళ్లీ రాడు.

నోటిమాట చాలదు
తెలిసినవారే కదా అని నోటిమాటపై ఇల్లు ఇవ్వడం మన దగ్గర మామూలే. వివాదం వస్తే రుజువు ఉండదు. అద్దె, అడ్వాన్సు, కరెంటు బిల్లు, ఖాళీ చేసే గడువు రాసుకోవాలి. ఏడాదికి మించిన ఒప్పందానికి 1908 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఒప్పందంలో గడువు రాసుకోని నెలవారీ కిరాయికి 15 రోజుల నోటీసు ఇవ్వాలి. సామాన్లు బయట పడేయడం, కరెంటు తీసేయడం చేస్తే యజమానే చిక్కుల్లో పడతారు. అద్దె ఆదాయానికీ పన్ను వర్తిస్తుంది. ఇంటి పన్ను పోగా మిగిలిన దానిలో 30 శాతం మినహాయింపు ఉంటుంది.

ముందే చూసుకోవాల్సినవి
* వీధిలో ఎన్ని ఇళ్లకు 'టు లెట్' బోర్డులున్నాయో, ఎన్నాళ్లుగా ఉన్నాయో వాకబు చేయాలి.
* ఈసీ తీయించి, లింకు పత్రాలు న్యాయవాదికి చూపాలి.
* పంచాయతీ అనుమతి లేకుండా పునాది తీయరాదు.
* ఆరు నెలలు కిరాయి రాకున్నా వాయిదా కట్టగలమా అని ప్రశ్నించుకోవాలి.
* విరమణ సొమ్మంతా ఒకే ఇంటిపై పెట్టకుండా వైద్య ఖర్చులకు కొంత బ్యాంకులో ఉంచుకోవాలి.