మైనారిటీ ప్రభుత్వాలు – ప్రతిపక్షాల ఐక్యత

'మైనారిటీ' అనే మాట మన కళాశాల విద్యార్థులకు కొత్తది కాదు. ఉర్దూలో 'అక్లియత్' అనీ, తెలుగులో 'అల్పసంఖ్యాక వర్గం' అనీ మనం నిత్యం వింటూనే ఉంటాం. కాని రాజనీతి శాస్త్రంలో 'మైనారిటీ ప్రభుత్వం' అన్నప్పుడు ఆ మాటకు మతంతోగాని, భాషతోగాని సంబంధం లేదు. శాసనసభలో సగానికి మించిన బలం స్వంతంగా లేకపోయినా, ఇతరుల మద్దతు వల్లనో, తటస్థత వల్లనో అధికారంలో కొనసాగే ప్రభుత్వమే మైనారిటీ ప్రభుత్వం. అట్టి ప్రభుత్వాన్ని ప్రతిపక్షాలు ఏకమై తొలగించి, తామే అధికారం చేపట్టదలచితే అది న్యాయమా? ప్రజల తీర్పును తారుమారు చేయడం కాదా? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. మన ఆంధ్రుల చరిత్రలోనే చక్కని ఉదాహరణలు రెండు ఉన్నాయి.

ముందుగా రాజ్యాంగం ఏమంటున్నదో చూద్దాం. 164వ అధికరణం ప్రకారం ముఖ్యమంత్రిని గవర్నరు నియమిస్తారు. మంత్రివర్గం మాత్రం శాసనసభకు సమష్టిగా బాధ్యత వహించాలి. ఇందులోని కీలకం గమనించండి. ఓటరు ఎన్నుకొనేది శాసనసభ్యుని. ప్రభుత్వాన్ని నిలిపేదీ, దింపేదీ ఆ సభ్యుల విశ్వాసం. అతిపెద్ద పక్షానికే అధికారం దక్కాలని రాజ్యాంగంలో ఎక్కడా లేదు. ఎన్నికల తర్వాత పక్షాలు చేతులు కలపరాదనీ లేదు. ఇంత విశాలంగా ఉండడం వల్లనే గవర్నరు విచక్షణకు చోటు దొరికింది, వివాదాలకూ దొరికింది.

మొదటి ఉదాహరణ 1952 నాటిది. అప్పటికి మన కృష్ణాజిల్లా ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో భాగం. తొలి సార్వత్రిక ఎన్నికలలో 375 స్థానాలున్న ఆ శాసనసభలో కాంగ్రెసుకు 152 స్థానాలే లభించాయి. అధికారానికి కావలసిన సంఖ్య 188. కమ్యూనిస్టులకు 62, కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీకి 35, తమిళనాడు టాయిలర్స్ పార్టీకి 19, కృషికార్ లోక్ పార్టీకి 15, సోషలిస్టులకు 13, ముస్లిం లీగుకు 5 స్థానాలు వచ్చాయి. స్వతంత్రులే 62 మంది. ఆంధ్ర ప్రాంతంలో కాంగ్రెసు గట్టి దెబ్బ తిన్నది. నీలం సంజీవరెడ్డి వంటి నాయకుడే అనంతపురంలో తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయారు. విజయవాడ లోక్‌సభ స్థానం నుంచి కమ్యూనిస్టుల మద్దతుతో స్వతంత్ర అభ్యర్థి హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయ గెలిచారు.

ఆ స్థితిలో ప్రతిపక్షాలు ఐక్య ప్రజాస్వామ్య కూటమిగా ఏర్పడి, ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులును నాయకునిగా ఎన్నుకొన్నాయి. తమకు 166 మంది సభ్యులున్నారని, ప్రభుత్వం ఏర్పరచే అవకాశం తమకే ఇవ్వాలని కోరాయి. గవర్నరు శ్రీప్రకాశ మాత్రం చక్రవర్తుల రాజగోపాలాచారిని పిలిచారు. రాజాజీ ఆ ఎన్నికలలో పోటీ చేయలేదు. ఆయనను శాసనమండలికి నామినేట్ చేసి, 1952 ఏప్రిల్ 10న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. ఆ నామినేషనును కమ్యూనిస్టు నాయకుడు పి. రామమూర్తి మద్రాసు హైకోర్టులో సవాలు చేయగా, పిటిషను కొట్టివేయబడింది.

ఇక్కడ ఉభయపక్షాల వాదనలనూ నిష్పాక్షికంగా తూచి చూడాలి. 166 అనేది 152 కంటే పెద్ద సంఖ్య అన్నది నిజం; కాని అది 188 కంటే చిన్నది అన్నది కూడా నిజమే. కాంగ్రెసు అతిపెద్ద పక్షం అన్నది ఒక వాదం. ప్రజలు తిరస్కరించిన పక్షాన్నే తిరిగి గద్దె ఎక్కించారన్నది మరొక వాదం. చివరికి సభలోనే తేలవలసి వచ్చింది. చిన్న పక్షాలను, స్వతంత్రులను కూడగట్టుకొన్న రాజాజీ 1952 జులై 3న 200 – 151 ఓట్లతో సభ విశ్వాసం పొందారు. అయినా ఒక సందేహం మిగిలిపోయింది. అధికారంలో ఉన్నవారి వైపు సభ్యులు మొగ్గడం సహజం. ముందుగా ప్రకాశం గారినే పిలిచి ఉంటే ఆ మొగ్గు ఎటు ఉండేదో ఎవరు చెప్పగలరు? మొదటి పిలుపు ఎవరికన్నది ఇంత పెద్ద విషయం కావడానికి కారణం ఇదే.

రెండవ ఉదాహరణలో పాత్రలు తారుమారైనాయి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం అవతరించింది. సభ్యుల సంఖ్య 140. ప్రకాశం గారే కాంగ్రెసు మద్దతుతో ముఖ్యమంత్రి కాగా, సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి అయ్యారు. ప్రతిపక్ష కూటమికి నాడు నాయకత్వం వహించిన పెద్దాయనే ఈనాడు చాలీచాలని బలంతో ప్రభుత్వం నడపవలసి వచ్చింది. మద్యనిషేధం పెను సమస్య అయింది. నిషేధాన్ని ఎత్తివేయవచ్చునని ఎస్.వి. రామమూర్తి సంఘం సూచించినా ప్రభుత్వం అంగీకరించలేదు. గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న ఉద్యమించారు. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం నెగ్గింది. ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది.

అవిశ్వాస తీర్మానాన్ని ఉర్దూలో 'తహరీక్-ఎ-అదమ్-ఎ-ఎతెమాద్' అంటారు. 'అదమ్' అంటే లేకపోవడం, 'ఎతెమాద్' అంటే విశ్వాసం. ఒకరిపై విశ్వాసం లేదని చెప్పడానికే ఆ తీర్మానం సరిపోతుంది. మరొకరిపై విశ్వాసం ఉన్నదని అది చెప్పదు. 1954లో జరిగింది సరిగ్గా ఇదే. మద్యనిషేధం విషయంలో ఒక్కటైన పక్షాలకు తక్కిన విషయాలలో ఏకాభిప్రాయం లేదు. ప్రత్యామ్నాయ ప్రభుత్వం ఏర్పడనే లేదు. శాసనసభ రద్దయి, నవంబరు 15 నుంచి రాష్ట్రపతి పాలన వచ్చింది. కొత్తగా పుట్టిన రాష్ట్రం నాలుగు నెలలకు పైగా ప్రజలెన్నుకొన్న ప్రభుత్వం లేకుండా ఉండవలసి వచ్చింది. 1955 ఎన్నికలలో కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీ కాంగ్రెసుతోనే చేతులు కలిపాయి. 196 స్థానాలలో ఆ కూటమికి 146 రాగా, కమ్యూనిస్టులకు 15 మాత్రమే దక్కాయి. మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు.

కేంద్రంలోనూ ఇట్టి ఘట్టం ఉన్నది. 1996లో 161 మంది సభ్యులతో అతిపెద్ద పక్షమైన భారతీయ జనతాపార్టీకి రాష్ట్రపతి శంకర్‌దయాళ్ శర్మ అవకాశం ఇచ్చారు. వాజపేయి ప్రభుత్వం 13 రోజులే నిలిచింది. చంద్రబాబునాయుడు కన్వీనరుగా ఉన్న ఐక్య సంఘటన తరఫున దేవెగౌడ ప్రధాని అయ్యారు. కాని బయటినుంచి మద్దతిచ్చిన కాంగ్రెసు దానిని ఉపసంహరించుకోవడంతో 1997 ఏప్రిల్‌లో ఆయన పదవి పోయింది. కెనడాలో 2008లో ఇటువంటి ప్రయత్నమే జరిగింది. 308 స్థానాలలో 143 గల హార్పర్ ప్రభుత్వాన్ని దింపి సంకీర్ణం ఏర్పరచాలని లిబరల్, న్యూడెమొక్రాటిక్ పక్షాలు ఒప్పందం చేసుకొన్నాయి. ఓటింగు జరగకముందే గవర్నర్ జనరల్ పార్లమెంటు సమావేశాలను ముగించారు. తర్వాత ఆ ఐక్యత చెదరిపోయింది.

ఈ అనుభవాల నుంచి కొన్ని సూత్రాలు క్రమంగా రూపొందాయి. 1988లో నివేదిక సమర్పించిన సర్కారియా కమిషన్ గవర్నరు పాటించవలసిన వరుసను సూచించింది: ఎన్నికలకు ముందే ఏర్పడిన కూటమి మొదటిది; ఇతరుల మద్దతు గల అతిపెద్ద పక్షం రెండవది; ఎన్నికల తర్వాత ఏర్పడి, భాగస్వాములందరూ ప్రభుత్వంలో చేరే కూటమి మూడవది; కొందరు చేరి, కొందరు బయటినుంచి బలపరచే కూటమి చివరిది. బలాబలాలు రాజభవనంలో గాక శాసనసభలోనే తేలాలని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. జర్మనీ రాజ్యాంగంలో ఇంకొక మంచి ఏర్పాటు ఉన్నది. కొత్త ఛాన్సలరును ఎన్నుకొంటేనే తప్ప అక్కడి సభ పాత ఛాన్సలరును తొలగించజాలదు. 1982లో ష్మిట్ స్థానంలో కోల్ వచ్చింది ఈ పద్ధతిలోనే. 1954లో కర్నూలులో ఇట్టి నియమం ఉంటే ఆ ఒక్క ఓటు రాష్ట్రాన్ని నాయకత్వం లేకుండా చేసేది కాదు.

మన ఇబ్రహీంపట్నం వద్ద గోదావరి జలాలు కృష్ణలో కలుస్తున్నాయి. కలిసిన పిమ్మట రెండూ ఒకే దారిన ప్రవహిస్తాయి కనుకనే అవి డెల్టా పొలాలకు పనికివస్తాయి. రాజకీయ పక్షాల కలయికకూ ఇదే కొలత. ప్రతిపక్షాలు ఏకం కావడం ప్రజాద్రోహం కాదు. అది శాసనసభకు గల హక్కు. కాని ఎవరిని దింపాలన్న విషయంలో మాత్రమే ఏకమైనవారు ఆ హక్కును సగమే వినియోగించుకొన్నవారు అవుతారు. ఎవరు పాలించాలి, ఏ కార్యక్రమంతో పాలించాలి అన్న ప్రశ్నలకు ముందుగా ప్రజల ఎదుట సమాధానం చెప్పినప్పుడే ఆ హక్కు సార్థకమవుతుంది.

ఇంకొక విషయం కూడా మరువరాదు. ఏ పక్షానికీ మెజారిటీ లేని సభలోనే చిన్నవర్గాల ప్రతినిధులకు విలువ పెరుగుతుంది. 1952లో ఐదుగురు సభ్యులున్న పక్షం మాట కూడా లెక్కలోకి వచ్చింది. ఆ విలువను పదవులకు అమ్ముకోవడమా, తమ ప్రజల చదువుకు, ఉపాధికి వినియోగించడమా అన్నది ఆ ప్రతినిధుల శీలంపై ఆధారపడి ఉంటుంది. రేపటి ఓటర్లు, రేపటి ప్రతినిధులు అయిన విద్యార్థులు సంఖ్యలను లెక్కించడంతో పాటు ఆ సంఖ్యల వెనుక గల ఒడంబడికలను ప్రశ్నించడం కూడా నేర్చుకోవాలి. ప్రజాస్వామ్యానికి అదే నిజమైన రక్ష.