తెరువు వెదకు రేడియో

మన చేతిలోని సెల్‌ఫోను ఖండాంతరములతో సంభాషించుచున్నట్లు తోచినను, దాని రేడియో నిజముగా పలుకునది సమీపమందలి టవరు వఱకే. అటుపిమ్మటి ప్రయాణము చాలవఱకు తీగలమీదను, గాజుపోగులమీదను సాగును. టవరే లేని ప్రదేశమున, కదలుచున్న రేడియోలే యొకదాని సందేశమును మఱియొకటి యందుకొని గమ్యమునకు చేర్చవలసి వచ్చినపుడు, ఎవరికి ఏది తెరువో చెప్పు కేంద్రముండదు. కనుగొన్న తెరువు సైతము కదలికచే మాటిమాటికి తెగిపోవును. అన్నిటికి మించి, ప్రతి రేడియోయు తన బ్యాటరీలోని స్వల్పశక్తితోనే తాను బ్రదుకుచు ఇరుగుపొరుగుల సందేశములను మోయవలసియుండును. అట్టి రేడియోలు తెరువు వెదకు విద్యను నేర్చిన వృత్తాంతము మన కాలపు విజ్ఞానచరిత్రలో మిక్కిలి ఆదరింపదగినదని నా నమ్మకము.

హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ అబ్రాంసన్ బృందము 1971లో నడపిన అలోహానెట్టు కంప్యూటరులను రేడియోద్వారా కలిపినదే కాని, తొలుత అందలి టెర్మినళ్లన్నియు ఒక్క కేంద్రముతోనే మాటలాడెడివి. ఆ కేంద్రాధీనతను దాటించినది, అమెరికా రక్షణశాఖకు చెందిన డార్పా సంస్థలో రాబర్ట్ కాన్ పూనికపై ఆరంభమైన ప్యాకెట్ రేడియో ప్రయోగము. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాత ప్రాంతమున కొండలమీద నిలిపిన రేడియోలును, ఎస్.ఆర్.ఐ. సంస్థవారి వ్యానులో అమర్చిన రేడియోయును ప్యాకెట్టులను, అనగా సందేశపు తునకలను, పరస్పరము అందించుకొనెడివి. 1977 నవంబరు 22వ తేదీన రహదారిమీద పోవుచున్న ఆ వ్యానునుండి వెడలిన ప్యాకెట్టులు ఉపగ్రహమార్గమున ఐరోపాకు పోయి, మరల కాలిఫోర్నియాకు చేరినవి. ఈ రేడియోల జాలముయొక్క తరువాతి రూపమున ప్రతి రేడియోయు 7.5 సెకనుల కొకమాఱు తన యునికిని, తనకు తెలిసిన తెరువులను చాటుచుండెడిది. వ్యానులోని యంత్రమునకు చేతిసంచిలోని యంత్రమునకున్నంత విద్యుద్దారిద్ర్యము లేదు గనుక ఈ నిరంతర ఘోష అప్పటికి భారము కాలేదు.

చేతిలో మోయదగిన కంప్యూటరులు వచ్చిన పిమ్మట ఆ ఘోష భారమైనది. 1994లో చార్లెస్ పెర్కిన్స్, ప్రవీణ్ భగవత్ అనువారు తెరువుల పట్టికకు క్రమసంఖ్యలను చేర్చి, పాతబడిన వార్తవలన ప్యాకెట్టులు వలయములో చిక్కి తిరుగు దోషమును తొలగించిరి. చాటింపు మాత్రము తప్పలేదు. 1999లో పెర్కిన్స్, ఎలిజబెత్ రాయర్ అనువారు ప్రతిపాదించిన ఏ.ఓ.డి.వి. విధానము ప్రశ్ననే తలక్రిందులు చేసినది: పంపవలసిన సందేశము లేనపుడు తెరువు తెలిసియుండుట దేనికి? ఈ విధానమున నోడు, అనగా జాలములోని రేడియో, అవసరము కలిగినపుడే ఒక అన్వేషణ ప్యాకెట్టును వెలువరించును. దానిని అందుకొన్న ప్రతి నోడును, అది యెవరినుండి వచ్చినదో గుర్తుంచుకొని, ఒక్కమాఱు మాత్రము తిరిగి ప్రసారము చేయును. గమ్యమును చేరిన పిమ్మట ప్రత్యుత్తరము ఆ గుర్తులవెంటనే వెనుకకు నడచివచ్చును. తిరునాళ్లలో బిడ్డ తప్పిపోయిన తల్లి మొదట ప్రక్క అంగళ్లలో విచారించి, అచట కానరానిచో క్రమముగా దూరము పోవునట్లే, ఈ అన్వేషణయు మొదట ఒక్క అంచె, పిమ్మట మూడు, అయిదు, ఏడు అంచెలవఱకు సాగి, అప్పటికిని ఫలింపనిచో జాలమంతటను వ్యాపించును. ఈ విధానము 2003లో ఇంటర్నెట్టు ప్రమాణపత్రములలో ప్రయోగాత్మకముగా ప్రకటింపబడినది.

అయినను, అన్వేషణ జాలమంతయు వ్యాపించినపుడు కలుగు వ్యయమెంత? 1999లోనే తైవాను పరిశోధకులు దీనిని క్షేత్రగణితముచే తేల్చిరి. ఒక రేడియో పలుకు వృత్తమునందున్న మఱియొక రేడియో అదే మాటను తిరిగి పలికినచో, క్రొత్తగా వినబడు విస్తీర్ణము ఎంత చేసినను 61 శాతము మించదు. సగటున 41 శాతము. అదే మాటను నాలుగుమాఱులు వినిన నోడు తానును పలికినచో కలుగు లాభము 5 శాతమునకు లోపే. ఈ లెక్క నాకు మిక్కిలి ప్రియమైనది. ఏలయన, ఎవరు పలుకవలెనను ప్రశ్నకంటె ఎవరు ఊరకుండవచ్చునను ప్రశ్నయే ముఖ్యమని ఇది నిస్సంశయముగా చూపినది.

తెరువును కొలుచుటలోను ఇట్టి పునరాలోచనయే జరిగినది. పలుకుటకు వలయు శక్తి దూరముయొక్క వర్గముననుసరించి పెరుగుననుకొన్నచో, నడుమ నొక నోడును చేర్చి దూరమును సగము చేయగా ఒక్కొక్క అంచెకు నాలుగవ వంతు, మొత్తముమీద సగము శక్తి చాలును. కాని యంత్రము ప్యాకెట్టును స్వీకరించి తిరిగి సిద్ధపఱచుటకగు స్థిరవ్యయము ఈ లాభమును మ్రింగివేయవచ్చును. పైగా అల్పవ్యయముగల తెరువులన్నియు ఒక్క నోడుమీదుగానే పోయినచో, ఆ నోడు అందఱికంటె ముందుగా చచ్చును. కావున 1998లో సురేశ్ సింగ్, మైక్ వూ, రాఘవేంద్ర అనువారు బ్యాటరీలో మిగిలిన శక్తినే తెరువు ధరలో చేర్చిరి, సి.కె. తో అను శాస్త్రజ్ఞుడు 2001లో, అన్ని నోడులకును తగినంత శక్తి యున్నంతవఱకు అల్పవ్యయపు తెరువును, లేనపుడు బలహీనులను తప్పించు తెరువును ఎన్నుకొను పద్ధతిని సూచించెను. సింగ్ ప్రభృతుల పత్రమున నన్ను ఆకర్షించిన విషయము వేఱొకటి: తెరువు నెన్నుకొనుటలోని వివేకముచే ప్యాకెట్టు ధర 5 నుండి 30 శాతము తగ్గగా, పనిలేనపుడు రేడియోను ఆపివేయుటచే అంతకుముందే 40 నుండి 70 శాతము శక్తి మిగిలినది. ఒకనాటి కంప్యూటరు రేడియోకార్డుపై జరిపిన కొలతలలో ఊరక ఆలకించుటకు ఒక వంతు శక్తి వ్యయమైనచో, స్వీకరించుటకు 1.05 వంతులు, పలుకుటకు 1.4 వంతులు మాత్రమే పట్టినవి.

అనగా వినుచు కూర్చుండుటయే పెద్ద వ్యయము. మసాచుసెట్స్ సాంకేతికవిద్యాలయమున 2001లో రూపొందిన స్పాన్ పద్ధతిలో కొన్ని నోడులు వంతులవారీగా మేల్కొని తక్కినవానికి కావలి కాయును. శక్తి మిక్కిలిగా మిగిలినవే ముందుకు వచ్చును. ఫిలిప్ లెవిస్ బృందము 2004లో కల్పించిన ట్రికిల్ పద్ధతిలో, తాను చెప్పదలచిన సంగతినే ఇరుగుపొరుగులు చెప్పుచుండగా వినిన నోడు మౌనము వహించును. మార్పులేనికొలది చాటింపుల నడిమి వ్యవధి రెట్టింపగుచు పోవును, మార్పు కానవచ్చిన వెంటనే కనిష్ఠమగును. 2012లో ప్రమాణమైన ఆర్.పి.ఎల్. మార్గవిధానమున చేరి ఇది నిలుకడగల సెన్సారులకును మీటర్లకును చక్కగా ఉపకరించుచున్నది. కదలు రేడియోలకు మాత్రము వ్యవధి పెరుగుటకు తెఱపి దొరకదు. నిదురించు నోడును ఎంతసేపటి కొకమాఱు మేల్కొలిపినచో శక్తియు మిగిలి, వెదకులాటయు ఆలస్యము కాకుండునో, ప్రతి జాలమునకును వేఱుగా లెక్కకట్టవలసియే యున్నది.