గొట్టం లావెంత?

వడ్రంగి పనిలో లేచే దుమ్మును పీల్చే యంత్రాల్లో కాస్త ఖరీదైన వాటికి ముందు భాగంలో ఒక నాబ్ ఉంటుంది. దాని చుట్టూ 21, 27, 35 వంటి అంకెలుంటాయి. కొత్తగా కొన్నవాళ్లు గట్టిగా పీల్చాలని దాన్ని పెద్ద అంకె మీద పెట్టేస్తారు. నిజానికి ఆ నాబ్ ఎటు తిప్పినా పీల్చే బలం మారదు. తగిలించిన గొట్టం లావు ఎన్ని మిల్లీమీటర్లో యంత్రానికి చెప్పడం ఒక్కటే దాని పని. యూరప్ ప్రమాణాల్లో 'ఎమ్' తరగతికి చెందిన యంత్రాలకు ఒక నిబంధన ఉంది: గొట్టంలో గాలి వేగం సెకనుకు 20 మీటర్ల కంటే తగ్గితే కూత పెట్టి హెచ్చరించాలి. అంటే గంటకు 72 కిలోమీటర్లు. లోపలి ఒత్తిడిని బట్టి ఎంత గాలి వస్తోందో యంత్రం పోల్చుకోగలదు గానీ, ఆ గాలి ఎంత వేగంగా వస్తోందో తెలియాలంటే దారి వెడల్పు తెలియాలి. అది మనిషే చెప్పాలి.

గొట్టానికి ఈ మర్యాద దక్కడానికి చాలా కాలమే పట్టింది. దుమ్ము మీద పరిశ్రమకు మొదట భయం పుట్టించింది కొయ్య కాదు, గోధుమ పిండి. 1878 మే 2న అమెరికాలోని మినియాపొలిస్‌లో వాష్‌బర్న్ 'ఎ' పిండిమిల్లు గాలిలో తేలే పిండికి నిప్పంటుకుని పేలింది. 18 మంది చనిపోయారు. ఆ తర్వాతి సంవత్సరాల్లో మిల్లుల దుమ్మును పట్టే పరికరాలు జోరందుకున్నాయి. గాలిని గుండ్రంగా తిప్పి దుమ్మును గోడవైపు విసిరే సైక్లోన్‌కు 1885లో జాన్ ఫించ్ పేటెంట్ తీసుకున్నాడు. రంపపు మిల్లులూ దాన్ని అందిపుచ్చుకున్నాయి. పెద్ద ఫ్యాను, లావాటి రేకు గొట్టాలు, కప్పు మీద గరాటు. అంతా బిగించినది, కదలనిది.

వంగే గొట్టం ఇళ్లు ఊడ్చే పని నుంచి వచ్చింది. 1901లో లండన్ ఇంజనీరు హ్యూబర్ట్ సెసిల్ బూత్, దుమ్మును ఊదడం కంటే పీల్చడం మేలని తేల్చుకోవడానికి ఒక హోటల్ కుర్చీకి నోరు పెట్టి పీల్చి ఉక్కిరిబిక్కిరయ్యాడు. తర్వాత అతను కట్టిన యంత్రాన్ని గుర్రపు బండి మీద వీధిలో నిలిపి, పొడుగాటి గొట్టాలను కిటికీల్లోంచి ఇళ్లలోకి దించేవారు. పంపు బలంగా లాగేది, గొట్టం సన్నంగా ఉండేది. మన చేతి వ్యాక్యూమ్ క్లీనర్లన్నీ ఆ వంశానివే.

నా లెక్కలో గొట్టం సైజు తగాదాలన్నీ ఈ రెండు వంశాలను కలిపేయడంతోనే మొదలవుతాయి. వర్క్‌షాపు ఫ్యాను చాలా గాలిని తోస్తుంది, కానీ దాని లాగుడు బలం నీటిని సుమారు పాతిక సెంటీమీటర్లు ఎత్తేంతే. వ్యాక్యూమ్ రెండు మీటర్ల పైకి ఎత్తగలదు, కానీ దానికి వచ్చే గాలి తక్కువ. మొదటిదానికి సన్న గొట్టం తగిలిస్తే గొంతు నొక్కినట్టే. రెండోదానికి లావు గొట్టం తగిలిస్తే జరిగేది వేరు. పాపికొండల మధ్య ఇరుకులో ఉరకలేసే గోదావరి రాజమహేంద్రవరం దాటి విశాలంగా పరుచుకోగానే మోసుకొచ్చిన మట్టిని ఎలా వదిలేస్తుందో, లావు గొట్టంలో నెమ్మదించిన గాలి కూడా పొట్టును అలాగే దారిలో వదిలేస్తుంది.

లెక్క చూద్దాం. సెకనుకు 20 మీటర్ల వేగం నిలవాలంటే 27 మి.మీ. గొట్టంలో గంటకు సుమారు 41 ఘనపు మీటర్ల గాలి చాలు. 36 మి.మీ.కి 73, 50 మి.మీ.కి 141, 100 మి.మీ.కి ఏకంగా 565 కావాలి. చిన్న వ్యాక్యూమ్ ఆ చివరి అంకె దరిదాపుల్లోకి కూడా రాలేదు. ఇక రెండో వైపు చూడండి. అంతే గాలిని పంపేటప్పుడు ఒత్తిడి నష్టం వ్యాసం అయిదో ఘాతానికి విలోమంగా మారుతుంది. 27 నుంచి 36కు పోతే పెరిగింది 9 మిల్లీమీటర్లే; గొట్టం చూపే అడ్డు మాత్రం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. దుకాణంలో చేత్తో పట్టి చూస్తే తెలిసే తేడా కాదిది.

ఇంత పట్టింపు ఎందుకంటే, కళ్లకు కనిపించే పొట్టు అసలు శత్రువు కాదు. ఇంగ్లండ్‌లోని హై వికోంబ్ కుర్చీల తయారీకి పేరున్న పట్టణం. అక్కడి కలప పనివాళ్లలో ముక్కు లోపలి అరుదైన కేన్సర్ ఎక్కువగా కనిపిస్తోందని చెవి, ముక్కు, గొంతు వైద్యురాలు ఎస్మే హాడ్‌ఫీల్డ్ గమనించారు. తోటి పరిశోధకులు ఆచెసన్, మాక్‌బెత్‌లతో కలిసి 1968లో పరిశోధన ప్రచురించారు. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1995లో కొయ్య దుమ్మును మనుషుల్లో కేన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో మూసిన గదుల్లో ముఖానికి కర్చీఫ్ కట్టుకుని ప్లైవుడ్, ఎండీఎఫ్ కోసే కార్పెంటర్లను చూస్తే ఈ సంగతి ఇంకా ఇక్కడికి చేరలేదేమో అనిపిస్తుంది.

మరి ఏ పనికి ఏ గొట్టం? సాండర్ విసిరేది సన్న పొడి, దాని మూతి కూడా చిన్నదే, 27 మి.మీ. సరిపోతుంది. లావు గొట్టం చేతిని పక్కకు లాగి నునుపును చెడగొడుతుంది. చేత్తో పట్టే కరెంటు రంపం, రౌటర్ ముక్కలు ముక్కలుగా చిమ్ముతాయి కనుక 36 మేలు. టేబుల్ రంపానికి, ప్లేనర్‌కు ఫ్యాను వంశమే కావాలి, గొట్టం 100 మి.మీ. లేదా ఆపైన. ప్లేనర్ వదిలే చుట్టల పొట్టు సన్న గొట్టం మూతి దగ్గరే గూడు కట్టేస్తుంది.

సైజు కుదరనప్పుడు కుదింపు ముక్క పెట్టక తప్పదు. అయితే దాన్ని యంత్రం దగ్గర కాదు, పనిముట్టు దగ్గర పెట్టాలి. ఇరుకు అరచేయంత దూరం ఉంటే నష్టం కొంచెమే, గొట్టం పొడవునా ఉంటే గాలి అడుగడుగునా అరుగుతుంది. పొడవుదీ ఇదే కథ: లోపల మడతలున్న గొట్టం ప్రతి మీటరుకూ సుంకం వసూలు చేస్తుంది. అయినా ఆరడుగుల బల్ల పక్కన ముప్ఫై అడుగుల గొట్టం చుట్ట చుట్టి ఉంటుంది చాలా చోట్ల. సగానికి కోసేయండి అంటే, అంత డబ్బు పోసి కొన్నదాన్ని కోయడానికి యజమానికి మనసొప్పదు.