సొంత విమానము కొనేముందు

మన పాఠకులలో విమానము కొనేవా రెవరని నవ్వుకోకండి. అమెరికాలో స్థిరపడిన మనవారిలో సరదాకు విమానము నడపటం నేర్చుకున్నవారు ఉన్నారు. నేర్చినవారికి సొంతది కావాలనిపించటం సహజము. ఆ దేశములో పాత కార్లవలెనే పాత విమానాలు కూడ చేతులు మారుతుంటాయి. అబ్బాయి ఆ మాట ఎత్తినప్పుడు పెద్దలు నాలుగు ప్రశ్నలు వేయగలిగితే మంచిదే గదా.

ఉదాహరణకు సెస్నా 172ను తీసుకుందాము. కాన్సాస్ రాష్ట్రములోని విచిటాలో తయారై 1956లో అమ్మకానికి వచ్చింది. 1986లో తయారీ ఆపి, 1996లో మళ్లీ మొదలుపెట్టారు. ఇంతవరకు 44,000కు పైగా తయారైనవి. మరే విమానమూ ఇన్ని తయారుకాలేదు. కనుక విడిభాగాలకూ, బాగుచేసేవారికీ కొదువ లేదు.

దీనికి నాలుగు కుర్చీలు. నాలుగు కుర్చీలున్నవి గనుక నలుగురూ ఎక్కవచ్చుననుకుంటే పొరపాటు. 1970 తరువాతి సంవత్సరాలలో వచ్చిన 172ఎన్ రకమును చూడండి. అన్నిటితో కలిపి 1,043 కిలోలకు మించి బరువుతో అది లేవరాదు. వట్టి విమానమే 660 కిలోలున్నదనుకుందాము. ట్యాంకులు నింపితే వాడకానికి వచ్చే పెట్రోలు సుమారు 150 లీటర్లు, అంటే 109 కిలోలు. ఇక మిగిలేది 274. మనిషికి 75 చొప్పున నలుగురంటేనే 300 అయింది! పెట్రోలు తగ్గించుకోవాలి, లేదా ఒకరు ఇంటివద్ద ఉండాలి. పెట్టెలూ, ఊరగాయ జాడీలూ సరేసరి. కొనేముందు ఆ విమానము తాలూకు బరువుల కాగితము అడిగి, ఈ లెక్క ఇంట్లోనే కూర్చుని వేసుకోవచ్చును.

రెండవది ఇంజను. ఈ ఇంజనును 2,000 గంటలు నడిచిన తరువాత పూర్తిగా విప్పి బాగుచేయించమని తయారుదారులు చెప్తారు. దానికి వేలకొలది డాలర్లు అవుతుంది. అందుచేత 1,900 గంటలు నడిచినదానికీ, 300 నడిచినదానికీ ధరలో చాలా తేడా ఉండవలె. కాని గంటలు తక్కువైతే చాలునని మురిసిపోరాదు. ఏళ్ల తరబడి కదలకుండా షెడ్డులో ఉన్న ఇంజను గురించే మేము ఎక్కువగా భయపడతాము. ఈ ఇంజనులో కామ్‌షాఫ్టు పైభాగాన ఉంటుంది. నడవకపోతే నూనె కిందికి జారిపోయి అది తుప్పు పడుతుంది. తరచు ఎగిరినదే నయము. అదే నూతి చిలకకూ వర్తిస్తుంది, వాడనిది బిగుసుకుపోతుంది.

కాగితాలు మొదటినుంచి చివరిదాకా చదవాలి. లాగ్‌బుక్కులలో ఒకటి పోయిందని అమ్మేవారంటే ధర తగ్గవలసిందే. ఏ ప్రమాదపు సంగతి అందులో పోయిందో ఎవరికి తెలుసు? ఓక్లహోమా సిటీలోని ప్రభుత్వ రిజిస్ట్రీలో తాకట్టులేమైనా ఉన్నవేమో వెతికించాలి. రిజిస్ట్రేషను పత్రము ఒక్కటే సొంతదారని రుజువు చేయదు.

తరువాత స్వయంగా కుదుర్చుకున్న మెకానిక్కుచేత పరీక్ష చేయించాలి. ఇన్నాళ్లూ అమ్మకందారుకు పనిచేసినతను వద్దు. సముద్రపుటొడ్డున ఉన్న విమానమైతే రెక్కల లోపల తుప్పు చూడమనాలి. సెస్నాలలో కుర్చీ జరిగే పట్టాలు అరిగిపోతే, విమానము లేచే క్షణములో నడిపేవాని కుర్చీ వెనక్కు జారిపోవచ్చు. చేతికి చక్రము అందదు. దీనివల్ల ప్రాణాలు పోయినవి. అందుకే ఆ పట్టాలను క్రమముగా పరీక్షించి తీరాలని అక్కడి ప్రభుత్వపు ఆజ్ఞ.

కొన్న తరువాతి ఖర్చు వేరు. గంటకు సుమారు 30 లీటర్ల పెట్రోలు, షెడ్డు అద్దె, భీమా, ఏడాదికొకసారి తప్పనిసరి తనిఖీ. ఎగిరినా ఎగరకపోయినా చివరి మూడూ తప్పవు. ఏడాదికి నూరు గంటలు ఎగరనివారికి అద్దె విమానమే చౌక అని అనుభవజ్ఞులంటారు.

మన దేశములో అయితే పౌర విమానయాన శాఖలో రిజిస్టరు చేసి 'వీటీ' అక్షరాలు తెచ్చుకోవాలి. ఈ రకపు పెట్రోలు అన్ని విమానాశ్రయాలలో దొరకదు. ముందు అది విచారించాలి.

ముగ్గురు నలుగురు కలిసి కొనుక్కోవటం అక్కడ మామూలే. స్నేహితులమే గదా అని నోటిమాటతో సరిపెట్టుకోకుండా వ్రాతపూర్వకమైన ఒప్పందము ఉండాలి: పండుగ రోజున ఎవరి వంతు, ఇంజను ఖర్చుకు నెలకెంత వేయాలి, ఒకరు మానుకుంటే లేదా కాలము చేస్తే వారి వాటాకు ఎవరు, ఏ ధర కట్టి, ఎన్నాళ్లలో ఇవ్వాలి. ఆ కాగితము మీద ఇంటి ఇల్లాలి సంతకము కూడ ఉంటే మరీ మంచిది.