మామిడికాపు - పచారీపద్దు

వైశాఖమాసము వచ్చునప్పటికి మా నూజివీటి ప్రాంతమున ప్రతి యింటను ఒక మూల వరిగడ్డి పరచి బంగినపల్లి కాయలను, చిన్నరసములను మాగవేయుదురు. వాకిట కలెక్టరుకాయలు, నట్టింట ఆవకాయముక్కలు. తోటలున్న బంధువులు పంపిన కాయలును, ఈదురుగాలికి రాలగా ఏరి తెచ్చిన కాయలును చేరి, ఇల్లంతయు పులుపు తీపు కలిసిన వాసనతో నిండియుండును. ఇంత తిండి చవుకగా, కొంత ఊరకయే వచ్చిపడుచుండగా, ఆ నెల పచారీఖర్చు తగ్గవలయును గదా! మా యింట సంవత్సరమంతటిలో కొట్టుబాకీ మిక్కిలి పెరుగు నెల అదియే.

2018వ సంవత్సరపు వేసవిలో జరిగినది చెప్పెదను. ఆ యేడు ఆవకాయ, మాగాయ, మెంతికాయ అన్నియు పెట్టితిమి. నువ్వులనూనె యొక్కటే ఎనిమిది కిలోలు కొంటిమి. కారము, ఆవాలు, మెంతులు వేరు. ఆ బాకీ తీర్చుటకు నేను పన్నిన యుపాయ మేమనగా, రెండునెలలపాటు పాలు సగమునకు తగ్గించితిని. నెలకు మూడు కిలోలు తెచ్చు కందిపప్పును ఒకటిన్నరకు దించితిని. ఆకుకూరలు తెచ్చు అవ్వను “ఇంటినిండ పచ్చళ్లున్నవి, నేడు వద్దులే అవ్వా” అని గుమ్మమునుండియే పంపివేయుచుంటిని. పద్దులో మిగులు కనబడెను. సంతోషించితిని.

శ్రావణమాసమున, పదునాలుగేండ్ల మా పెద్దమ్మాయి మేడమెట్లెక్కి వచ్చి ఆయాసముతో గోడకు చేరగిలబడెను. రక్తపరీక్ష చేయింపగా హిమోగ్లోబిను చాల తక్కువగా నున్నదని తేలినది. డాక్టరుగారు “అమ్మాయి ఏమి తినుచున్నది?” అని యడిగిరి. “అన్నము, ఆవకాయ, మజ్జిగ” యని చెప్పుచు నేను తలవంచుకొంటిని. ఆయన ఇనుపధాతువు గల మాత్రలు వ్రాసి యిచ్చిరి. వైద్యుడిచ్చిన మాత్రలు మాని కూరలతోనే సరిపెట్టుకొనుడని నేను చెప్పుట లేదు. ఆ మాత్రల అవసరమును ఇంటికి తెచ్చినది నా పొదుపే యని మాత్రము చెప్పుచున్నాను.

మా యిల్లొక్కటే యిట్లున్నదనుకొనవద్దు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో, ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో సగముకంటె నెక్కువమందికి రక్తహీనత యున్నట్లు తేలినది. బియ్యము లేక వచ్చిన కొరత కాదిది. రేషనుకార్డు గలవారికి బియ్యము ఉచితముగనే లభించుచున్నది. 2024 జనవరి మొదలు అయిదేండ్లపాటు అట్లే యిచ్చుటకు కేంద్రప్రభుత్వము నిర్ణయించినది. చిక్కంతయు ఇందే యున్నది. ఊరక వచ్చినది పళ్లెమున పెరుగును, కొనవలసినది తరుగును.

హైదరాబాదున జాతీయ పోషకాహార సంస్థ కలదు. 1918లో నీలగిరులయందలి కూనూరున, బెరిబెరి వ్యాధిని విచారించుటకై మెకారిసను దొర ప్రారంభించిన చిన్న పరిశోధనశాలయే పెరిగి, 1958లో హైదరాబాదునకు వచ్చినది. రోజునకు రెండువేల కేలరీలు కావలసిన మనిషికి ఏది యెంత తగునో ఆ సంస్థ 2024లో వెలువరించిన సూచనలయం దున్నది: ధాన్యములు 250 గ్రాములు, పప్పుదినుసులు 85, కూరగాయలు 400, పండ్లు 100, గింజలు 35, నూనె 27, పాలు 300 మిల్లీలీటర్లు. మాంసాహారులు పప్పులో కొంతభాగమునకు బదులు గ్రుడ్లు, చేపలు తినవచ్చును.

ఈ యంకెలను నా పాత పద్దుల ప్రక్కన పెట్టి చూచితిని. నలుగురికి నెలకు నూనె మూడుంబావు కిలోలు చాలును. ఊరగాయనూనె గాక మేము అయిదు వాడుచుంటిమి. పప్పులన్నియు కలిసి పదికిలోలు రావలయును. మేము కొనుచుండినది మూడు, ఆ రెండునెలలలో ఒకటిన్నర! తగ్గింపదగినదానిని ముట్టక, తగ్గింపగూడనిదానిని కోసితిని. నూనెకు, పంచదారకు, పిల్లల చిరుతిండి పొట్లములకు పోవు సొమ్ము పప్పులవైపు త్రిప్పినచో కొట్టుబాకీ పెరుగకయే పళ్లెము మారును. కందిపప్పు ప్రియమైనప్పుడు దానినే పట్టుకొని వ్రేలాడనక్కరలేదు. బొబ్బర్లున్నవి, పెసలున్నవి, ఉలవలున్నవి. ఉలవలను పశువుల మేతయని చిన్నచూపు చూచువారు, ఉలవచారు వడ్డించినప్పుడు మాత్రము రెండవమారు చేయి చాపుదురు! చారునకు నీరు తీసినపిదప ఉడికిన గింజలను పారవేయక గుగ్గిళ్లుగా తాలింపు వేయవలయును. బలమంతయు నీటిలోనికి దిగిపోదు.

ఇక మామిడికాయ మాట. పప్పులలోను, ఆకుకూరలలోను ఉన్న ఇనుము మాంసమునందలి యినుమువలె సులభముగా ఒంటికి పట్టదు. అదే భోజనములో సి విటమిను చేరినచో చక్కగా పట్టును. పచ్చి మామిడికాయలో ఆ విటమిను సమృద్ధిగా నున్నది. కావున తోటకూర, మామిడికాయ, పప్పు కలిపి వండిన మన పూర్వికులు రుచికొరకే వండినను, మేలైన పనియే చేసిరి. భోజనమైన వెంటనే టీ త్రాగుట ఆ మేలును చాలవరకు చెరచును. గంటయో రెండు గంటలో ఆగవలయును.

వండుటలో నొక మెలకువ కలదు. పులుపు తగిలిన పప్పు త్వరగా ఉడకదు. పప్పును ముందు నానబెట్టి, మెత్తగా ఉడికినపిదపనే ముక్కలు వేయవలయును. గ్యాసు మిగులును, ముక్కలు తక్కువసేపు ఉడుకుటచే వేడికి నశించు విటమినులో కొంత దక్కును. కొబ్బరి-మామిడికాయ పచ్చడివలె పచ్చిగనే నూరుకొన్నచో ఇంకను మేలు.

గాలికి రాలిన కాయలు ఆ యుదయమున బజారున మిక్కిలి చవుక. వానిలో టెంక ముదరని లేతకాయలు గడ్డిలో పెట్టినను మాగవు, ముడుచుకొని కుళ్లును. అట్టివానిని ఒరుగులు చేసికొనవలయును. కాయలు కడిగి, తడి తుడిచి, చెక్కుతీసి, పలుచగా తరిగి, కొంచె ముప్పు చల్లి, విరిచిన పెటుక్కున విరుగునంతవరకు నాలుగైదు దినము లెండబెట్టినచో చాలును. చుక్క నూనె యక్కరలేదు. మా యత్తగారు ఏటేట రెండు జాడీలు చేయుచుండెడివారు. ఆవకాయకు లేని గౌరవము దానికేలయని నేను నవ్వుకొనెడిదానను. వానకాలమున చింతపండు కొనకుండ మా పప్పును, పులుసును నడిపినది ఆ జాడీలే యని ఆమె పోయిన తరువాత పద్దు చెప్పినది. ఎండలో సి విటమిను చాలవరకు పోవునని మాత్రము తెలిసికొనుడు. ఒరుగు పులుపునే యిచ్చును. ఆ నెలలలో విటమినుకొరకు నిమ్మకాయయో, జామకాయయో, పెరటి మునగాకో ఉండవలసినదే.

ఆవకాయ మానుడని చెప్పు ధైర్యము నాకు లేదు. చెప్పినను మా యూరిలో వినువారు లేరు. మేమిప్పు డొక్క జాడీ పెట్టుచున్నాము. మనిషికి దినమునకు అన్నిట కలిసి అయిదు గ్రాముల ఉప్పు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మూడు పూటల ఊరగాయ నంజుకొన్నచో ఆ హద్దు తెలియకుండనే దాటుదుము. పండిన మామిడిపండున్న దినములలో వేరే మిఠాయి కొనము. పెరుగన్నములో ఒక రసము పిండుకొన్న పిల్లలు బిస్కత్తుల మాట తలపెట్టరు.

వడ్డనలో నొక మార్పు చేసితిని. పూర్వము పురుషులు, పిల్లలు తినినపిదప గిన్నె యడుగున మిగిలిన పప్పునీళ్లు నాకును, ఎదుగుచున్న అమ్మాయికిని వచ్చుచుండెడివి. ఇప్పుడు పొయ్యిమీదినుండి దింపిన వెంటనే నలుగురి గిన్నెలలోను సమముగా పోసి, ఆ తరువాతనే పిలుచుచున్నాను. మావారు మొదటి దినమున తన గిన్నెలోనికి తొంగిచూచి, “నేడు పప్పు తగ్గినదేమే?” అనిరి. “తగ్గలేదండి, నలుగురికి వచ్చినది” అంటిని. ఆయన మారుమాటాడక భోంచేసిరి.

ఈ యేడు ఒరుగులు చేయదలచినవారికి ఇంకొక్క మాట. ఆషాఢమున తొలివాన వెలిసి ఎండ కాసిన దినమున జాడీలోని వానిని మరల నొకపూట యెండనీయవలయును. లేనియెడల శ్రావణమునకు బూజు పట్టును.